నీటి పటం రైతు చేతికి రావాలి

కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూడడం ఆయకట్టు రైతుకు ఏటా ఉండేదే. వదిలిన నీళ్లు తన చేను దాకా వస్తాయో రావో తెలియక నారు పోయాలా వద్దా అని తటపటాయించడం చివరి భూముల రైతుకు అంతకు మించిన అలవాటు. జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయో పత్రికలు రోజూ రాస్తాయి. ప్రధాన కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో అధికారులు చెబుతారు. ఆ నీరు ఏ మేజరుకు ఎంత వెళ్లింది, ఏ మైనరులో ఎక్కడ ఆగింది, ఏ తూము కింద ఎన్ని ఎకరాలు తడిశాయి అని అడిగితే మాత్రం సమాధానం చెప్పేవారుండరు. లెక్కంతా డ్యాం దగ్గరే ఆగిపోతోంది. రైతు బతుకేమో తూము దగ్గర తేలుతోంది.

ఈ లెక్కను పొలం దాకా తెస్తామని ఇప్పుడు ప్రభుత్వాలు అంటున్నాయి. ఆయకట్టు అభివృద్ధి, నీటి యాజమాన్య ఆధునికీకరణ పేరుతో కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌ 9న ఒక పథకానికి ఆమోదం తెలిపింది. తొలి కేటాయింపు 1,600 కోట్ల రూపాయలు. ఉన్న కాలువల నుంచి ఎంపిక చేసిన ప్రాంతాలకు భూగర్భ పైపుల ద్వారా ఒత్తిడితో నీరివ్వడం, హెక్టారు స్థాయి వరకు ఆ ఏర్పాటు చేయడం, నీటి లెక్కకు స్కాడా వంటి పరికరాలను వాడడం, చివరకు నిర్వహణను నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించడం ఇందులోని ముఖ్యాంశాలు. ముందు ప్రయోగాత్మకంగా కొన్నిచోట్ల చేసి, ఆ అనుభవంతో దేశవ్యాప్త ప్రణాళిక తయారు చేస్తామని చెప్పారు.

దీనికంతటికీ పునాది పటం. ఏ కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ తూము కింద ఏ సర్వే నంబర్లున్నాయో, వాటిలో ఈ సీజనులో ఏ పంట ఉందో చూపే పటం లేకుండా ఏ పరికరమూ పని చేయదు. ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు, జీపీఎస్‌, కంప్యూటర్‌ పటాలు కలిస్తే అలాంటి పటం నేడు సాధ్యమే. కాబట్టి పటం వస్తుందా రాదా అన్న చర్చకు ఇక అర్థం లేదు. అది ఎవరి చేతిలో ఉంటుంది, దేనికి వాడతారు అన్న దానిపైనే మన సంఘం తన వైఖరి తేల్చుకోవాలి.

కాగితం మీది ఆయకట్టు

నాగార్జున సాగర్‌ను తీసుకుందాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ 203 కిలోమీటర్లు. ఎడమ కాలువ 180 కిలోమీటర్లకు దగ్గర. రెండింటి కింద కలిపి సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు. బచావత్‌ ట్రిబ్యునల్‌ సాగర్‌కు కేటాయించింది 281 టీఎంసీలు. ఇందులో 17 టీఎంసీలు ఆవిరికి పోగా ఒక్కో కాలువకు 132 చొప్పున 264 టీఎంసీలు.

ఈ అంకెలను మన లెక్కలోకి మార్చి చూద్దాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక ఎకరంలో అడుగు లోతు నిలిపే నీరు 43,560 ఘనపుటడుగులు. అంటే ఒక టీఎంసీతో దాదాపు 23 వేల ఎకరాలలో అడుగు నీరు పెట్టవచ్చు. 264 టీఎంసీలను 22 లక్షల ఎకరాలకు పంచితే ఎకరాకు పడేది రెండు ముప్పావు అడుగులు. అదీ డ్యాం తూము దగ్గరి లెక్క. కాలువలో ఇంకేది, గండ్లలో పోయేది, ఎండకు ఆవిరయ్యేది తీసేస్తే పొలానికి దక్కేది ఇంకా తక్కువ. వరికి సీజనంతా కలిపి నాలుగడుగుల నీరు కావాలని రైతుకు తెలుసు. వాన కొంత తోడైనా, మొత్తం ఆయకట్టుకు వరి నీరు చాలదని ప్రాజెక్టు కట్టిన నాడే తెలుసు. అందుకే ఆయకట్టును విభజించి కొంత మాగాణిగా, ఎక్కువ భాగం ఆరుతడిగా నిర్ణయించారు.

ఆ విభజన కాగితాల్లో ఉంది. పొలాల్లో వేరే కథ నడిచింది. కాలువ పైభాగాన నీరు పుష్కలంగా అందడంతో ఆరుతడి భూముల్లోనూ వరి నిలదొక్కుకుంది. ఆయకట్టు బయటి మెట్ట భూములకూ మోటార్లతో నీరు ఎక్కింది. కాలువ చివర ఉన్న తిరువూరు, నూజివీడు వైపు ఎడమ కాలువ రైతులూ, ప్రకాశం జిల్లాలోని కుడి కాలువ రైతులూ ఆయకట్టుదారులన్న పేరు మోస్తూ బోర్లు వేసుకున్నారు. పట్టణాలు పెరిగి ఆయకట్టు భూములు ప్లాట్లయ్యాయి. చేపల చెరువులు వచ్చాయి. రిజిస్టరులో మాత్రం దశాబ్దాల నాటి ఎకరాలే అలాగే ఉన్నాయి.

తప్పు ఎగువ రైతుదని తేల్చేయడం సులభం. పాలకులకు కూడా ఆ మాట ఇష్టమే. రైతుకూ రైతుకూ తగువైతే తమను అడిగేవాడుండడు. నీళ్లు వస్తాయో రావో తెలియనప్పుడు వచ్చిన రోజే పొలం నింపుకోవాలని ఏ రైతైనా చూస్తాడు. ఫలానా రోజున, ఫలానా గంటకు, ఇంత నీరు తప్పకుండా వస్తుందన్న నమ్మకం ఉంటే ఎవరూ రాత్రిపూట షట్టరు ఎత్తరు. ఆ నమ్మకం కల్పించాల్సిన యంత్రాంగమే కుప్పకూలింది. ఉన్న లస్కర్లు మైళ్ల కొద్దీ కాలువకు చాలడం లేదు. తూముల షట్టర్లు తుప్పు పట్టాయి. కొలబద్దల మీద అంకెలు చెరిగిపోయాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో 2010లో సాగర్‌ కాలువల ఆధునికీకరణ మొదలై సిమెంటు లైనింగు పడినా, చివరి భూముల గోడు తీరలేదు. కాంట్రాక్టుకు పని కాంక్రీటులో ఉంటుంది. నీటి లెక్కలో ఉండదు మరి.

ఆకాశం నుంచి ఏం కనిపిస్తుంది?

ఇది నిన్న పుట్టిన విద్య కాదు. మన మొదటి పూర్తిస్థాయి కార్యాచరణ దూరగ్రహణ ఉపగ్రహం ఐఆర్‌ఎస్‌-1ఏ 1988 మార్చి 17న కక్ష్యకు చేరింది. ఆ చిత్రాలను విశ్లేషించే జాతీయ సంస్థ హైదరాబాద్‌లోనే, బాలానగర్‌లో ఉంది. 1990వ దశకంలోనే కర్ణాటకలోని భద్ర ఆయకట్టుపై ఉపగ్రహ చిత్రాలతో అధ్యయనం చేసి, పంపిణీ కాలువల వారీగా పంటల తీరును, ఎగువ దిగువల తేడాను లెక్క కట్టారు. 2002-03లో సాగర్‌కు నీరు బాగా తగ్గినప్పుడు ఎడమ కాలువ కింద ఏం జరిగిందో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలను, కాలువ ప్రవాహాల లెక్కలను కలిపి పరిశీలించి 2008లో ప్రచురించారు. నీరు తగ్గినప్పుడు ఆ లోటు అందరికీ సమానంగా పడదని ఆ పరిశీలన చెప్పింది. దిగువ రైతు ఎన్నో ఏళ్లుగా అర్జీల్లో రాసిందే అది. అర్జీ బుట్టలోకి పోతుంది. ఉపగ్రహ చిత్రం పోదు. మనకు పటం కావాలనడానికి మొదటి కారణం ఇదే.

ఈ చిత్రం ఎలా పని చేస్తుందో మన కార్యకర్తలు తెలుసుకోవడం అవసరం. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను బట్టి పైరు ఎంత ఏపుగా ఉందో, ఎక్కడ ఎండుతోందో పసిగడతారు. చిత్రం చిన్న చిన్న గళ్లతో ఏర్పడుతుంది. ఒక్కో గడి నేల మీద ఎంత చోటుకు సమానమన్నది ముఖ్యం. 250 మీటర్ల గడి ఉన్న చిత్రంలో ఒక గడి పదిహేను ఎకరాలు. రైతు పొలం అందులో కనబడదు. మన ఐఆర్‌ఎస్‌ ఉపగ్రహాల్లోని లిస్‌-3 కెమెరా గడి 23.5 మీటర్లు, అంటే పదమూడు, పద్నాలుగు సెంట్లు. యూరప్‌ దేశాల సెంటినెల్‌-2 ఉపగ్రహాల గడి 10 మీటర్లు. అంటే రెండున్నర సెంట్లు. ఎకరం పొలంలో నలభై గళ్లు పడతాయి. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకొకసారి అదే చోటును చూస్తాయి. ఈ చిత్రాలు ఎవరికైనా ఉచితం. కాబట్టి చిత్రాలు ఖరీదన్న సాకు ఇక చెల్లదు.

ఖరీఫ్‌లో మబ్బులు పడితే కెమెరాకు నేల కనబడదు. అప్పుడు రాడార్‌ ఉపగ్రహాలు పనికొస్తాయి. వాటి తరంగాలు మబ్బును దాటిపోతాయి. నాట్లకు దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి రాడార్‌ చిత్రంలో నల్లగా కనబడుతుంది. ఏ మేజరు కింద నాట్లు ఏ వారంలో పడ్డాయో దీనితో చెప్పవచ్చు. ఎగువన జులైలో నాట్లు పడి, దిగువన సెప్టెంబరు దాకా మళ్లు ఎండిపోయి ఉంటే ఆ తేడా తేదీలతో సహా దొరుకుతుంది.

పటంతో ఇంకా చాలా పనులు ఉన్నాయి. కాలువ గట్టు పక్కన ఊట వల్ల పొలం జౌకెత్తుతుంటే ఆ మచ్చ కనిపిస్తుంది. చౌడు పట్టిన నేల కనిపిస్తుంది. గుర్రపుడెక్క, తూడు పేరుకుని మురుగు కాలువ మూసుకుపోతే డ్రోన్‌ చిత్రంలో తెలుస్తుంది. డెల్టాలో నీరందక ఎంత పంట పోతోందో, మురుగు దిగక ముంపుతో ఎంత పోతోందో రెండూ చూడాలి. పొట్ట దశలో ఉన్న పైరుకు ఏ మైనరు కింద ముందు నీరివ్వాలో పంట వయసును బట్టి నిర్ణయించవచ్చు. ఇప్పుడు అందరికీ ఒకే తేదీన మొదలుపెట్టి ఒకే తేదీన ఆపే ‘ఆన్‌ అండ్‌ ఆఫ్‌’ పద్ధతి కన్నా ఇది మేలు.

ఆకాశానికి కనబడనిది

అయితే ఉపగ్రహాన్ని దేవుణ్ని చేయవద్దు. అది పచ్చదనాన్ని చూస్తుంది. ఆ పచ్చదనం కాలువ నీటిదా, బోరు నీటిదా అన్నది దానికి తెలియదు. చివరి భూమి రైతు అప్పు చేసి బోరు వేసి, మోటారు కాలిపోతే మళ్లీ చుట్టించి పైరు బతికించుకున్నాడనుకుందాం. పటంలో అతని చేను పచ్చగా ఉంటుంది. దాన్ని చూపి కాలువ నీరు అందిందని రాసుకుంటే అంతకన్నా అన్యాయం ఉండదు. నీళ్లు రాక రైతు చేసిన ఖర్చును ప్రభుత్వం తన విజయంగా చెప్పుకున్నట్టవుతుంది. అందుకే పంటల పటం పక్కన బోర్ల పటమూ ఉండాలి, ప్రతి మేజరు, మైనరు తలదగ్గర నీటి కొలతా ఉండాలి. కొలత లేని పటం సగం నిజమే చెబుతుంది.

కౌలు రైతు పటంలో ఉండడు. సర్వే నంబరుకు ఎదురుగా ఉండేది యజమాని పేరు. సాగు చేసేది మరొకరు. డెల్టా గ్రామాల్లో సాగులో పెద్ద భాగం కౌలుదారుల చేతుల మీదుగానే నడుస్తోంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. యజమాని సంతకం షరతు వల్ల కార్డులు అందరికీ అందలేదు. రేపు తూము కింద వంతుల జాబితా యజమానుల పేర్లతోనే తయారైతే, నీరు రాలేదని ఫిర్యాదు చేసే హక్కు కూడా కౌలు రైతుకు మిగలదు.

మడి గట్లు కూడా చూడాలి. వ్యవసాయ గణన ప్రకారం 2015-16లో సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో ఒక హెక్టారు లోపే, తెలంగాణలో ఒక హెక్టారు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న అర ఎకరం, ముప్పావు ఎకరం ముక్కలు రికార్డుల్లో వేరుగా ఉండవు. రికార్డు పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పెడితే గట్లు కలవని చోట్లు లెక్కలేనన్ని తేలతాయి. అప్పుడు ఏది సరైనదని నమ్మాలి? ఇక్కడే మనకు చేదు అనుభవం ఉంది.

భూమి పటాలు నేర్పిన పాఠం

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ వచ్చింది. పాత పహాణీల్లోని సాగుదారు గడి అందులో లేకుండా పోయింది. తప్పు పడితే సరిచేసే అధికారం ఊరి స్థాయిలో ఎవరికీ లేకపోయింది. రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. చివరకు ఆ చట్టం స్థానంలో 2025లో భూభారతి చట్టం తేవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలుపెట్టారు. విస్తీర్ణం తగ్గిందని, హద్దులు మారాయని, పలువురి భూములు ఒకే నంబరులో కలిపేశారని ఊరూరా ఫిర్యాదులు వచ్చాయి. గ్రామసభలు పెట్టి సరిదిద్దే పని నెత్తిన పడింది.

రెండు చోట్లా యంత్రం మోసం చేయలేదు. ఊరి వాళ్లను అడగకుండా పైనుంచి నింపిన వివరాలే రైతును ముంచాయి. గట్టు ఎక్కడుందో, బోదె ఏ చేను మీదుగా పోతుందో, వానాకాలంలో ఏ మడి మునుగుతుందో ఆ ఊరి నీరటికీ, లస్కరుకీ, వృద్ధ రైతుకీ తెలుసు. వాళ్లను కూర్చోబెట్టకుండా గీసిన నీటి పటం కూడా ఇదే దారి పడుతుంది. భూమి రికార్డులో తప్పు పడితే అమ్ముకోలేక, అప్పు తెచ్చుకోలేక అవస్థ పడతాం. నీటి రికార్డులో తప్పు పడితే ఆ సీజను పంటే పోతుంది. సరిచేసేందుకు వ్యవధి కూడా ఉండదు.

మరో భయం కూడా దాచుకోనక్కర్లేదు. ఆరుతడి భూమిలో వరి వేసిన ప్రతి సర్వే నంబరునూ పటం పట్టి చూపిస్తుంది. దాన్ని చేతిలో పెట్టుకుని నీటి తీరువా పెంచడం, జరిమానా వేయడం, వరి కొనబోమని బెదిరించడం పాలకులకు చాలా తేలిక. నీటి లెక్క మీటర్ల దాకా వస్తే యూనిట్‌ చొప్పున ధర కట్టే ఆలోచనా వెంటే వస్తుంది. పప్పు, నూనె గింజలకు, మొక్కజొన్నకు గిట్టుబాటు ధర గ్యారంటీ లేకుండా వరి మానమనడం రైతు మెడ మీద కత్తి పెట్టడమే. పంట మార్పు కావాలంటే ధర ముందు రావాలి, తర్వాతే పటం మాట్లాడాలి.

అయినా పటమే వద్దనడం మన వైఖరి కారాదు. పటం లేని చీకటిలో లాభపడింది ఎవరు? పలుకుబడి ఉన్నవారు, కాలువకు అనధికారంగా తూములు పెట్టుకున్నవారు, చేయని పూడికతీతకు బిల్లులు రాసుకున్న కాంట్రాక్టర్లు. నష్టపోయింది చివరి భూముల సన్నకారు రైతులు. వెలుగు పడితే ఎక్కువ మేలు జరిగేది వాళ్లకే. అందుకే పటం కావాలి, దాని మీద ఆయకట్టు రైతుల అదుపూ కావాలి అన్నదే మన వైఖరి.

చట్టంలో ఉన్నదే అడుగుతున్నాం

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం మన రెండు రాష్ట్రాలకూ పునాది. ఊరి సరిహద్దులతో నిమిత్తం లేకుండా నీటి పారుదల ఆధారంగా నీటి వినియోగదారుల సంఘాల పరిధి గీయాలని ఆ చట్టం చెప్పింది. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో పది వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. సంఘం చేయాల్సిన పనుల్లో ప్రతి సీజనుకూ వారబందీ తయారు చేయడం, తూముల మధ్య నీటిని నియంత్రించడం, తమ పరిధిలోని కాలువలు, తూములు, కట్టడాల జాబితా నిర్వహించడం, నీటి ప్రవాహాన్ని గమనించడం, తగాదాలు తీర్చడం ఉన్నాయి. అంటే పటం, లెక్క రెండూ సంఘం పనులేనని 1997లోనే రాసిపెట్టారు. డబ్బు, సిబ్బంది, అధికారం ఇవ్వకుండా సంఘాలను పూడికతీత పనుల నామినేషన్‌ వేదికలుగా మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. చాలా చోట్ల అవి పార్టీల పంపకంగానే ముగిశాయి. తెలంగాణలో ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. సంఘమే లేకపోతే కేంద్ర పథకం చెప్పే నిర్వహణ బదిలీ ఎవరికి చేస్తారు?

ఎగువ కృష్ణలో ఏం జరుగుతోందో కూడా గమనించాలి. కర్ణాటకలో నారాయణపుర ఎడమ కాలువను ఆధునికీకరించి, దూరం నుంచే గేట్లు నడిపే స్కాడా వ్యవస్థ పెట్టారు. పది వేల క్యూసెక్కుల కాలువ, నాలుగున్నర లక్షల హెక్టార్ల ఆయకట్టు. 2023 జనవరిలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. పక్క రాష్ట్రం తన ప్రతి చుక్కకూ లెక్క రాసుకుంటుంటే, ట్రిబ్యునళ్ల ముందు వాదించే మనం మన కాలువలో నీరు ఎక్కడికి పోతోందో చెప్పలేని స్థితిలో ఉండడం రాష్ట్రాల హక్కులకూ మంచిది కాదు. అయితే గేటు బటన్‌ ఒక్కటే న్యాయం చేయదు. ఆ బటన్‌ ఎప్పుడు, ఎంత నొక్కాలన్న నిర్ణయం సంఘాల చేతిలో ఉండాలి.

మన డిమాండ్లు

ఒకటి. ప్రతి మేజరు, మైనరు, తూము వారీగా ఆయకట్టు పటం తయారు చేసి, ముసాయిదాను ఆయకట్టు సభలో పెట్టాలి. అభ్యంతరాలు విని, సరిదిద్ది, సభ ఆమోదించాకే తుదిరూపం ఇవ్వాలి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ఎలా ఉంటుందో మన రాష్ట్రాలే దేశానికి చూపాయి. నీటికీ అదే పద్ధతి రావాలి.

రెండు. పటాన్ని పంచాయతీ గోడ మీద, తూము దగ్గర బోర్డు మీద తెలుగులో రాయించాలి. కంప్యూటర్‌లో ఉన్నది ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఉండాలి. ప్రజల సొమ్ముతో చేసిన పటాన్ని ప్రైవేటు సంస్థల సొత్తు చేయరాదు.

మూడు. డిస్ట్రిబ్యూటరీ, మేజరు, మైనరు ప్రతిదాని తలదగ్గర కొలత ఏర్పాటు చేసి, రోజువారీ క్యూసెక్కులు ప్రకటించాలి. జిల్లా సరిహద్దు, రాష్ట్ర సరిహద్దు దగ్గర కొలతలు ఇరుపక్షాల రైతుల ఎదుట తీయాలి.

నాలుగు. కౌలు రైతుల పేర్లు, బోర్ల వివరాలు పటంలో చేర్చాలి. యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా సాగుదారును గుర్తించాలి.

ఐదు. నీరందని ఎకరాలను పటం చూపినప్పుడు ఆ రైతుకు నీటి తీరువా రద్దు చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. పటం ఆధారంగా జరిమానాలు, నీటి కోతలు విధించరాదు. పటం వల్ల రైతుకు నష్టం కలిగే ఏ నిర్ణయమైనా పొలం చూసి, రైతు మాట విన్నాకే తీసుకోవాలి.

ఆరు. లస్కర్ల ఖాళీలు నింపాలి. ఊరి యువతకు పటాల పని, నీటి కొలత నేర్పి జీతంతో నియమించాలి. రాజేంద్రనగర్‌లోని వాలంతరి వంటి శిక్షణ సంస్థల తలుపులు ఇంజనీర్లతో పాటు రైతులకూ తెరవాలి.

ఏడు. నీటి సంఘాలకు సక్రమంగా ఎన్నికలు జరిపి, వసూలైన నీటి తీరువాలో వాటి వాటా వాటికి చెల్లించాలి.

మనం చేయగలిగింది

డిమాండ్‌ పెట్టి ఊరుకుంటే చాలదు. ప్రతి గ్రామ శాఖ ఈ సీజనులోనే మొదలుపెట్టగల పని ఉంది. నలుగురైదుగురు కలిసి, తమ మైనరు తల నుంచి తోక దాకా నడవాలి. ఫోన్‌లో ఉన్న జీపీఎస్‌తో ప్రతి తూము, ప్రతి గండి, ప్రతి అనధికార పైపు ఉన్న చోటును గుర్తించి, ఫొటో తీసి, తేదీ రాయాలి. అనధికార పైపు ఎవరిదని పేరు రాయనక్కర్లేదు. అక్కడ ఉందని రాస్తే చాలు. కార్యాలయంలోని ఆయకట్టు రిజిస్టరు నకలును సమాచార హక్కు కింద తెచ్చి పక్కన పెట్టుకోవాలి. రెండూ ఎక్కడ కలవవో అక్కడే మన సమస్య మూలం.

నీటి కొలతకూ పెద్ద పరికరం అక్కర్లేదు. కాలువ నిటారుగా ఉన్న చోట వంద అడుగులు కొలిచి రెండు కొయ్యలు పాతండి. పై కొయ్య దగ్గర ఓ ఎండు కొబ్బరి డొప్ప వదిలి, కింది కొయ్యకు చేరేందుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. యాభై సెకన్లు పడితే వేగం సెకనుకు రెండడుగులు. అడుగున నీరు కాస్త నెమ్మదిగా పారుతుంది కనుక దాన్ని 0.85తో గుణిస్తే 1.7. కాలువ వెడల్పు ఆరడుగులు, లోతు రెండడుగులు అయితే 12 చదరపు అడుగులు. 12ను 1.7తో గుణిస్తే 20 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు ఒక రోజంతా పారితే రెండెకరాల్లో అడుగు నీరు నిలుస్తుంది. కాబట్టి 20 క్యూసెక్కులు రోజంతా వస్తే 40 ఎకరాల్లో అడుగు నీరు, లేదా 240 ఎకరాలకు రెండేసి అంగుళాల తడి. ఈ లెక్క తెలిసిన రైతును ‘నీళ్లు వదిలాం కదా’ అన్న ఒక్క మాటతో ఎవరూ పంపలేరు. ఎగువ శాఖ, దిగువ శాఖ ఒకే రోజున కొలిచి అంకెలు పోల్చుకుంటే మధ్యలో ఎంత పోయిందో ఇద్దరికీ తెలుస్తుంది.

ఎగువ రైతును, దిగువ రైతును ఒకే చాప మీద కూర్చోబెట్టడం మన సంఘం వల్లే అవుతుంది. ప్రభుత్వ పటం వచ్చే లోపు మన చేతి పటం సిద్ధమైతే, ఆయకట్టు సభలో అధికారి గీసిన గీత పక్కన మన గీత పెట్టి మాట్లాడగలం. జిల్లా కమిటీలు ఒక్కో మండలంలో కనీసం ఒక మైనరును ఎంచుకుని ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం. వచ్చిన పటాలను, కొలతలను తేదీలతో సహా మన పత్రికకు పంపండి, ప్రచురిస్తాం. నీళ్లు వదిలిన రోజు నుంచే రాయడం మొదలుపెడితే, పైరు ఎండిన రోజున చేతిలో ఆధారం ఉంటుంది.